ఎనిడ్‌ని వెనక్కి పంపించు

మోర్కమ్
18 ఫిబ్రవరి 1974

సేత్,

ఎలా ఉన్నావని తర్వాత అడుగుతాను. ముందు ఇది చెప్పు. నా కూతుర్ని పిలిపించుకునేటప్పుడు నాకొక ముక్క రాయాలని నీకు తోచలేదా?

శనివారం పొద్దున్న నేను స్టవ్ దగ్గర ఉన్నాను. ఎనిడ్ కోటు తొడుక్కుని, పెట్టె పట్టుకుని వచ్చింది. "మావయ్యకి ఆయాసం ఎక్కువైందట, రమ్మన్నాడు. నాలుగు రోజులుండి వస్తా" అంది. నేను చెయ్యి తుడుచుకుని వెనక్కి తిరిగేసరికి వీధి తలుపు పడిన చప్పుడు. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి, బడి ఎగ్గొట్టే పిల్లలా పారిపోయింది.

నువ్వు సాయం అడిగావంటే నాకు నమ్మకం కుదరడం లేదు. నిమోనియాతో వల లాగినవాడివి. అయినా నిజంగా ఒంట్లో బాగాలేకపోతే డాక్టరు దగ్గరికి వెళ్ళు. ఎనిడ్ నర్సు కాదు. గెస్ట్ హౌస్‌లో ఎనిమిది గదులకి గోడ కాగితం మార్చాలి, పరుపులు ఎండేయాలి, ఈస్టర్‌కి జనం దిగుతారు. కరెంటు కోతలతో కొవ్వొత్తి పెట్టుకుని దుప్పట్లు కుడుతున్నాను. మీ బావ పోయినప్పటి నుంచి ఈ ఇల్లు మేమిద్దరమే లాగుతున్నాం.

వారం ఉంచుకో. తర్వాత రైలెక్కించు. ఇంకోటి, సముద్రం వెనక్కి పోయాక నువ్వు వల లాగే ఆ ఇసుక మీదికి మాత్రం దాన్ని తీసుకెళ్ళకు. రొయ్యల దగ్గర కూర్చోబెట్టకు.

థిర్జా


ఫ్లూక్‌బరా
24 ఫిబ్రవరి

అక్కా,

నేనెవర్నీ రమ్మనలేదు. శనివారం నేను ఇసుక మీంచి వచ్చేసరికి ఎనిడ్ నా వంటింట్లో కర్టెన్లు విప్పేస్తోంది. "అమ్మ పంపింది మావయ్యా, నీ ఆయాసం సంగతి చూసి రమ్మంది" అని చెప్పింది.

నాకు కోపం వచ్చిందంటే రాదా? నేను ముసలివాణ్ణయ్యానని నీకు అనిపిస్తే నాకే రాయొచ్చు. కాపలా మనిషిని పంపడం దేనికి? ఈస్టర్ తర్వాత, ఇసుక మీద వల లాగే ట్రాక్టరూ వలలూ నా తోటి వేటగాడు నెడ్‌కి అమ్మేద్దామనుకుంటున్నాను. ఆ మాట నీ దాకా మోసిందెవరు? పక్కింటి జెస్సీయే అయ్యుంటుంది. ఆవిడ నోట్లో ఆవగింజ నానదు.

ఆయాసం ఎప్పుడూ ఉన్నంతే ఉంది. వానకి తెరిపి లేదు. చలికి రొయ్యలు లోతుకి పోయాయి, ఫ్లూక్ చేపలు మాత్రం పడుతున్నాయి.

ఎనిడ్ కర్టెన్లు ఉతికి, మళ్ళీ తగిలించింది. ఇప్పుడు ఇంట్లో వెలుతురు ఎక్కువై నాకు నిద్ర పట్టడం లేదు. నువ్వే పిలిపించుకో.

సేత్


మోర్కమ్
3 మార్చి

ఒరేయ్ సేత్,

నేను పంపానా! ఉన్న ఒక్క మనిషినీ, సరిగ్గా ఇల్లు సర్దుకునే రోజుల్లో, కర్టెన్లు ఉతకమని నీ దగ్గరికి పంపుతానా? నా తల ప్రాణం తోకకొచ్చింది ఆ ఉత్తరం చదివి.

అయితే నీకొక అబద్ధం, నాకొక అబద్ధం చెప్పిందన్నమాట. లేదా నువ్వే దాన్ని పిలిచి ఇప్పుడు నన్ను మాయ చేస్తున్నావు. చిన్నప్పుడు నాన్న పొగాకు దొంగిలించి నా మీదికి తోసినవాడివి, నిన్ను నమ్మమంటే ఎలా నమ్మను?

నేను దానికి ఉత్తరం రాయను. చెప్పకుండా పోయినవాళ్ళే ముందు రాయాలి. నువ్వు చెప్పు. కన్నతల్లికి అబద్ధం ఎందుకు చెప్పావని నా మాటగా అడుగు. ఏమందో ఉన్నదున్నట్టు రాయి.

బ్రాడ్‌ఫర్డ్ నుంచి పదమూడేళ్ళుగా వస్తున్న హెప్‌వర్త్ దంపతులు ఈ ఏడు రావడం లేదు. స్పెయిన్ వెళ్తున్నారట. అక్కడ రోజూ ఎండేనట. ఉండనీ. ఆయనకి బట్టతల, మాడి చావనీ.

థిర్జా


ఫ్లూక్‌బరా
2 ఏప్రిల్

అక్కా,

ఆలస్యమైంది. రొయ్యలు వచ్చాయి.

నువ్వు చెప్పినట్టే అడిగాను. ఎనిడ్ ముందు ఎర్రబడింది. తర్వాత, "ఊరికే వస్తానంటే నువ్వు రమ్మంటావా, అమ్మ పొమ్మంటుందా? అందుకే చెరొకటి చెప్పా" అంది. ఎందుకొచ్చావని అడిగితే, "పద్దెనిమిదేళ్ళు మావయ్యా. పొద్దున్నే పదహారు మందికి గుడ్లు. మెత్తగా కావాలి, గట్టిగా కావాలి, ఈయనకి పచ్చసొన తగలకూడదు, ఆవిడకి తెల్లసొన వద్దు. ఒక పూటైనా నాకేం కావాలో ఎవరూ అడగలేదు" అంది. ఉన్నదున్నట్టు రాయమన్నావు, రాశాను.

ఇంకోటి కూడా రాయాలి. నువ్వు అరుస్తావని తెలుసు. మార్చి మధ్యలో ఇసుక మీదికి వస్తానంది. వద్దన్నాను. ట్రాక్టరు వెనక నడిచి వచ్చింది. గాలివాన, మోకాళ్ళ దాకా నీళ్ళు. రెండుసార్లు బోర్లా పడింది. వెనక్కి పోతుందేమోనని చూశాను, పోలేదు. ఇక ఎక్కించుకోక చస్తానా? అప్పట్నుంచీ రోజూ వస్తోంది. పని రాదు. మొదటి వారం బుట్టెడు రొయ్యలు పాయలో ఒలకబోసింది. వల ముడి వేస్తే నేను విప్పి మళ్ళీ వెయ్యాలి. కానీ తెల్లారగానే నాకంటే ముందు లేచి టీ పెడుతుంది.

ట్రాక్టరు నెడ్‌కి ఇవ్వలేదు. వేసవి అయ్యాక చూద్దామన్నాను.

నిన్నటి నుంచి మాది లాంకషైర్ కౌంటీ కాదట. కంబ్రియా అట. పోస్ట్‌మాన్ చెప్పాడు. చూస్తే ఇసుక అలాగే ఉంది.

సేత్


మోర్కమ్
8 ఏప్రిల్

సేత్,

ఇసుక అలాగే ఉందట! నీకు నవ్వులాటగా ఉంది. లండన్‌లో ఎవరో గీత గీసి మన అమ్మానాన్నల సమాధుల్ని ఇంకో కౌంటీలో పడేశారు. నువ్వేమో వాతావరణం చెప్పినట్టు చెప్తున్నావు. మన తాతల తాతలు ఈ అఖాతానికి రెండు వైపులా లాంకషైర్ వాళ్ళు. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు గుర్రబ్బండి మీద ఇటు వచ్చి వెన్న కొనుక్కుని వెళ్ళేవాళ్ళు. ఇప్పుడు మా పైగది కిటికీలోంచి చూస్తే కనిపించే మీ దీపాలు పరాయి దీపాలట. కవరు మీద లాంకషైర్ అనే రాస్తాను. ఇష్టమైతే అందించనీ, లేకపోతే మానెయ్యనీ.

నా కూతురు కూడా అదే పని చేసింది. నన్నడక్కుండా అటుపక్కకి పోయింది.

పదహారు మందికి గుడ్లు వేయించడం నరకమా? నాకు ఆరేళ్ళప్పుడు బడికి పోయే ముందు అమ్మ పక్కన కూర్చుని రొయ్యలు ఒలిచేదాన్ని. ఉప్పుకి వేళ్ళు పగిలి పలక మీద నెత్తురు అంటుకునేది. టీచరు అందరి ముందూ, "థిర్జా, కిటికీ పక్కన కూర్చో, వాసన" అంది. నువ్వు మగపిల్లాడివి, గుర్రం మీద ఊరేగావు, నీకేం తెలుసు? పందొమ్మిదేళ్ళకి ఆ వంటింట్లోంచి బయటపడ్డాను. నా పిల్ల చేతులు లావెండర్ సబ్బు వాసన రావాలని ఒట్టు పెట్టుకున్నాను. గెస్ట్ హౌస్ దాని కోసం పెట్టాను. రేపు దానిదే అవుతుంది. ఇప్పుడు వెళ్ళి వెళ్ళి అదే రొయ్యల మధ్యకి చేరిందా!

గుడ్ ఫ్రైడే లోగా అది ఇక్కడ ఉండాలి. టికెట్ నువ్వే కొను. రైలు కదిలేదాకా స్టేషన్లోనే ఉండు.

థిర్జా


ఫ్లూక్‌బరా
20 ఏప్రిల్

అక్కా,

నువ్వు చెప్పినవన్నీ చేశాను. టికెట్ కొన్నాను. పెట్టె నేనే మోశాను. పక్క ఊరి కార్క్ స్టేషన్ దాకా నా వెనకే వచ్చింది. రైలు వచ్చింది. ఎక్కింది. నేను టోపీ ఊపాను.

అంతలో ఒక ముసలావిడ రెండు సంచులతో ఆయాసపడుతూ వచ్చింది. ఎనిడ్ దిగి ఆవిడ సంచులు లోపల పెట్టి, చెయ్యిచ్చి ఎక్కించి, తలుపు వేసింది. ఇటువైపు నుంచి. రైలు పోయింది. పెట్టె కూడా అందులోనే పోయింది. దాన్ని రైలు ఆగిన చివరి స్టేషన్ నుంచి తెప్పించడానికి రెండు రోజులు పట్టింది.

"ఏంటే ఇది?" అన్నాను.

"ఆవిడకి సాయం చేశా" అంది.

ఎత్తి రైల్లో పడెయ్యనా? నా వయసుకి నా మేనకోడలితో కుస్తీ పట్టనా? నీ మాటలు దానికీ, దాని మాటలు నీకూ మోస్తున్నాను. దారిలో ఇద్దరి కోపమూ నా మీదే పడుతోంది. నీ చేతుల సంగతి చెప్పాను. చాలాసేపు తన చేతులు చూసుకుంది. తర్వాత లేచి జెస్సీ వాళ్ళింటికి రొయ్యలు ఒలవడానికి పోయింది.

సేత్


మోర్కమ్
10 జూన్

సేత్,

ఇక రాయకూడదనుకున్నాను. కానీ నెడ్ వ్యాన్‌లో పంపిన రొయ్యల డబ్బాల గురించి చెప్పాలి.

వెన్నలో పెట్టినవి, జాపత్రి వేసినవి. మూత మీద కాగితం కట్టడం చూసి ఎవరి చెయ్యో గుర్తుపట్టాను. ఒక చీటీ అయినా పెట్టలేదు. అంటే ఏమిటి, రొయ్యలు తిని నోరు మూసుకోమనా? పిల్లికి పెడదామని పక్కన పెట్టాను. గ్లాస్గో నుంచి దిగిన అతిథులు టోస్టు మీద రాసుకుని మొత్తం తినేశారు. మళ్ళీ ఎప్పుడొస్తాయని అడుగుతున్నారు. సిగ్గులేని జనం.

నేను రుచి చూడలేదు. ఉప్పు కాస్త ఎక్కువైంది.

థిర్జా


ఫ్లూక్‌బరా
9 జూలై, మంగళవారం

అక్కా,

ఇద్దరం బతికే ఉన్నాం. అది ముందు చదువు. మిగతాది కూర్చుని చదువు.

ఆదివారం పొద్దున్న పాయ అంచున వల లాగుతున్నాం. పొగమంచు దిగింది. అలా దిగడం నేను చూడలేదు. ట్రైలరు మీదున్న ఎనిడ్ నాకు కనిపించడం మానేసింది. ఒడ్డుకి తిప్పుదామని ట్రాక్టర్ని పక్కకి పోనిచ్చాను. అక్కడ ముందురోజు దాకా గట్టి ఇసుకే. ముందు చక్రాలు జారాయి, తర్వాత ఇరుసు. ఊబి. ఎనిడ్ పార తీసుకుని తవ్వడం మొదలుపెట్టింది. వదిలెయ్యమన్నాను. "ట్రాక్టరు మావయ్యా!" అని అరిచింది. నేను దాని చేతిలో పార లాక్కుని విసిరేశాను. పోటు తిరిగే వేళ అయింది.

నడిచాం. ఎటో తెలియదు. నీళ్ళు చీలమండల దాకా వచ్చాయి, చప్పుడు లేకుండా. ఇసుక గట్టు ఒకటి ఎక్కేసరికి నాకు ఊపిరి అందలేదు. నిజం రాస్తున్నాను, కూర్చుండిపోయాను. నువ్వు పో, నేను వస్తానన్నాను.

అప్పుడు నీ కూతురు నన్ను తిట్టింది చూడూ! "లే! కూర్చోడానికి ఇదేం సోఫానా? నిన్నిక్కడ వదిలేసి పోయి అమ్మకేం చెప్పను? అరవయ్యేళ్ళు వచ్చాయి, బుద్ధి మాత్రం రాలేదు. లేస్తావా, చెవి పట్టుకు లాగనా?" అచ్చం నీ గొంతే. ఒక్క క్షణం నువ్వే వచ్చావనుకున్నాను. లేచి నిలబడ్డాను, భయంతో.

నన్ను నడుము పట్టి నడిపించింది. నోరు మాత్రం ఆపలేదు. ఎక్కడో రైలు కూత వినిపించింది. రైలు పట్టా ఒడ్డు వెంటే కదా. అటు తిరిగాం. నెడ్ హారన్ మోగిస్తూ ఎదురొచ్చాడు. అప్పటికి నీళ్ళు నడుము దాకా వచ్చాయి.

ట్రాక్టరు పోయింది. ఆ రాత్రంతా ఎనిడ్ దీపం ఆర్పనివ్వలేదు. నిన్న పెట్టె తీసింది. "అమ్మ చెప్పింది నిజమే, ఇంటికెళ్తా" అంది. శనివారం రైలుకి వస్తుంది. స్టేషన్‌కి వెళ్ళు. ఈసారికి ఏమీ అనకు. నీకు దణ్ణం పెడతాను, ఏమీ అనకు.

సేత్


మోర్కమ్
9 జూలై, మంగళవారం

సేత్,

నీకూ నీ మేనకోడలికీ ఒక శుభవార్త. హేషమ్ నుంచి శ్రీమతి పాగెట్ అనే ఆవిడని పనికి పెట్టుకున్నాను. భర్త పోయాడు, గుడ్లు బాగా వేయిస్తుంది, చెప్పకుండా ఎక్కడికీ పోదు. ఎనిడ్ గది ఆవిడకి ఇచ్చాను. ఎనిడ్ బట్టలు పెట్టెలో సర్ది మెట్ల కింద పెట్టాను. ఎవరైనా వచ్చి తీసుకుపోవచ్చు.

కాబట్టి దాన్ని పంపమని ఇక నిన్ను సతాయించను. రావక్కర్లేదని చెప్పు. ఇక్కడ దానికి చోటు లేదు.

థిర్జా


మోర్కమ్
11 జూలై

సేత్,

మంగళవారం నేను రాసింది చించెయ్. దానికి చూపించకు. మన ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి దాటుకుపోయాయి. నాకు తెలియదు. దేవుడి మీద ఒట్టు, నాకేమీ తెలియదు.

పాగెట్‌ని పై గదిలోకి మార్చాను. దుప్పట్లు మార్చాను. శనివారం స్టేషన్లో ఉంటాను. నేనేమీ అనను.

ఇది అందగానే ఆ మంగళవారం కవరు స్టవ్‌లో పడెయ్. చదవకుండా పడెయ్.

థిర్జా


ఫ్లూక్‌బరా
14 జూలై

అక్కా,

నిన్న స్టేషన్లో ఎంతసేపు నిలబడ్డావో నాకు తెలియదు. ఎనిడ్ రాలేదని ఈపాటికి తెలిసే ఉంటుంది.

నాకొచ్చే ఉత్తరాలు పోస్ట్‌మాన్ దగ్గర తీసుకునేది ఎనిడే. నా కళ్ళజోడు ఊబిలో ట్రాక్టరుతో పాటే పోయింది, అది లేకుండా నేను చదవలేను, అందుకని ఇప్పుడు నాకు పైకి చదివేది కూడా తనే. బుధవారం వచ్చిన నీ మంగళవారం ఉత్తరం చదివింది. "ఇక్కడ దానికి చోటు లేదు" అన్న దాకా గొంతు తడబడకుండా చదివింది. మడిచి నా చేతికిచ్చింది. మేడ మీదికి వెళ్ళి పెట్టెలో బట్టలన్నీ తీసి మళ్ళీ బీరువాలో పెట్టింది. నీ రెండో ఉత్తరం వచ్చి, నేను జెస్సీ చేత చదివించుకునేసరికి ఎనిడ్ నెడ్ దగ్గరికి వెళ్ళిపోయింది.

పద్దెనిమిదేళ్ళు దాచుకున్న డబ్బుతో నెడ్ దగ్గర పాత ట్రాక్టరు కొంది. తుప్పు పట్టింది, కుడివైపు మడ్‌గార్డ్ లేదు. నాతో బేరం చేయించలేదు, సలహా అడగలేదు. రేపు ఇద్దరం ఇసుక మీదికి వెళ్తున్నాం. నాకు వెళ్ళాలని లేదు. తనకి భయం లేదా అంటే, ఉందంది. ఉంది కాబట్టి నన్ను ముందు నడిచి కర్రతో పొడిచి చూడమంది. ఇప్పుడు నేను తన కూలివాణ్ణి.

థిర్జా, నాకు విసుగొచ్చింది. నువ్వు స్టేషన్‌కి వెళ్ళగలిగినదానివి, రైలు కూడా ఎక్కగలవు. నలభై నాలుగేళ్ళలో అంత్యక్రియలకి తప్ప ఈ ఊరు రాలేదు. నీ కూతురితో నువ్వు మాట్లాడాలి. నాలుక నీకుంది, దానికీ ఉంది. మధ్యలో నేనెందుకు?

సేత్


మోర్కమ్
23 సెప్టెంబర్

సేత్,

మీ ఊరి నుంచి ఇంటికి క్షేమంగా చేరాను. ఆర్న్‌సైడ్ వంతెన మీద రైలు ఆగిపోయి అరగంట చలిలో కూర్చోబెట్టింది. ఎవర్ని తిట్టాలో కూడా తెలియలేదు.

నాతో స్టేషన్ దాకా వచ్చి, జెస్సీ వాళ్ళింట్లో ఏమైందని అడగని తమ్ముడివి నువ్వు. సరే, అడక్కపోయినా ఇప్పుడు చెప్తాను.

జెస్సీ వాళ్ళింటి దొడ్డి తలుపు దగ్గరికి వచ్చి ఆగాను. లోపల ఆడవాళ్ళ నవ్వులు. ఒక నవ్వు అందరికంటే పెద్దగా, గురక పెట్టినట్టు, ఆగీ ఆగకుండా. ఇదెవరబ్బా, ఇంత మోటుగా నవ్వుతోంది అనుకున్నాను. తలుపు తోశాను. నా కూతురు. మా ఇంట్లో అది నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేది. అతిథులు ఉంటారు కదా, నేనే నేర్పాను.

నన్ను చూసి ఆపేసింది. అందరూ ఆపేశారు.

"వచ్చావా?" అంది.

"వచ్చా."

"టీ తాగుతావా?"

"ఊఁ."

"చక్కెర వెయ్యనా?"

"మానేశా."

"ఎప్పుడు?"

"మే నెలలో."

అంతే సేత్. ఏడు నెలల తర్వాత తల్లీ కూతుళ్ళం మాట్లాడుకున్నది అంతే. రైల్లో వస్తూ ఎన్ని అనుకున్నాను! తిట్లు విడిగా, బతిమాలడాలు విడిగా వరస పెట్టుకుని వచ్చాను. జెస్సీ కుర్చీ జరిపింది. బల్ల మీద రొయ్యలు కుప్ప పోసి ఉన్నాయి. ఖాళీ చేతులతో కూర్చోలేక ఒకటి తీసి ఒలిచాను. తర్వాత ఇంకోటి. ఎనిడ్ నా చేతుల వంకే చూస్తోంది. నేను దాని చేతులు చూశాను. పగిలాయి. చూపుడు వేలికి గుడ్డ చుట్టుకుంది. నాకు ఏడవాలనిపించింది. ఆ చేతులకి కాదు. అన్ని పగుళ్ళతోనూ అంత గట్టిగా నవ్విందే, అందుకు.

ఆ మాట నాకు అక్కడ నోటికి రాలేదు. "రొయ్య తోక దగ్గర విరుస్తున్నావు, మెడ దగ్గర విరవాలి" అన్నాను. దానికి కోపం వచ్చి ఉంటుంది.

వచ్చే ఏడు గెస్ట్ హౌస్‌లో నాలుగు గదులే తెరుస్తాను. పాగెట్, నేనూ చాలు. ఇందులో ఇంకో కవరు పెట్టాను, మీద ఎనిడ్ పేరుంది. అది నీకు కాదు. దాన్ని పైకి చదవమని అడగకు. ఏమందో నాకు రాయకు.

థిర్జా


ఫ్లూక్‌బరా
29 సెప్టెంబర్

అక్కా,

కవరు ఇచ్చాను. కిటికీ దగ్గర నిలబడి చదివింది. మళ్ళీ మొదట్నుంచి చదివింది. ఏమందో రాయొద్దన్నావు. అయినా ఇంత మాత్రం రాస్తాను. "కాగితం ఉందా మావయ్యా?" అని అడిగింది, అంతే.

నా కాగితాలన్నీ తీసుకుంది. దీన్ని రొయ్యల డబ్బాలకి కట్టే కాగితం మీద రాస్తున్నాను, మరకలకి ఏమీ అనుకోకు.

గంట నుంచి బల్ల దగ్గర కూర్చుని రాస్తోంది. నాలుగో పేజీ. మధ్యలో ముక్కు చీదుతుంది, నవ్వుతుంది, కొట్టేస్తుంది. నేను అటు తొంగి చూస్తే మోచెయ్యి అడ్డం పెడుతుంది. నెడ్ రెండుసార్లు వచ్చి తలుపు కొట్టాడు. మిగతా వేటవాళ్ళంతా ఇసుక మీదికి వెళ్ళిపోయారు. సముద్రం వెనక్కి పోయి ఎంతసేపైందో! ఇప్పుడు బయల్దేరకపోతే ఈ పూట వేట పోయినట్టే. నేను బూట్లు వేసుకుని, కోటు తొడుక్కుని, ట్రాక్టరు స్టార్ట్ చేసి, మళ్ళీ ఆపి వచ్చి కూర్చున్నాను.

"లేస్తావా?" అన్నాను.

"ఉండు మావయ్యా, ఇంకా అసలు సంగతికి రాలేదు" అంది.

సేత్